ఎలకపాము

చిట్టియ్య ఎలకలు పట్టడం మీద ఊళ్లో ఎవరికీ పేచీ లేదు. పట్టిన ఎలకల్ని కోసి, వాటి పేగులూ కాలేయాలూ గొయ్యి తీసి పాతిపెట్టడం మీదే వేళాకోళమంతా. ఆ గొయ్యి కూడా ఏదో పైపైన కాదు, మోకాటి లోతు. అందులో వేసి, మన్ను కప్పి, కాలితో తొక్కి, పైన ముళ్లకంప పరిచి మరీ ఇంటికి వెళతాడు. "ఎలకలకి సమాధులు కట్టేవోణ్ణి ఎక్కడన్నా చూశారేంటండి" అని టీకొట్టు దగ్గర ఒకడంటే, "రేపో మాపో శిలువలు కూడా పాతుతాడండి" అని ఇంకొకడు అందుకుంటాడు. చిట్టియ్య విననట్టే టీ తాగి, గ్లాసు కడిగిపెట్టి వెళ్లిపోతాడు. అలా ఎందుకు పాతిపెడుతున్నాడో నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లు కూడా లేరు, నవ్వినవాళ్లే గాని.

పడమటిపాలెం రావులపాలేనికి దిగువన, గౌతమి ఏటిగట్టుని ఆనుకుని ఉంటుంది. గట్టుకి ఇవతల వరిచేలు, అవతల గోదారి, గోదారి నడుమ రెల్లు ఏపుగా పెరిగిన నక్కలలంక. సార్వా పంట గానీ దాళ్వా పంట గానీ, చేను పొట్టకొచ్చిందంటే రైతులు చిట్టియ్యకి ఫోను చేస్తారు. అతను సాయంత్రం పూట చేలగట్ల వెంట వెదురు బుట్టలు పెట్టి, తెల్లారాక వెళ్లి తీస్తాడు. బుట్టకి లొంగని పందికొక్కులుంటే కన్నం వెతికి, కుండలో గడ్డి ముట్టించి పొగ పెడతాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. కన్నం నోటి దగ్గర మట్టి చూసి లోపల కాపురం ఉందో లేదో చెప్పగలడు. అయినా వారానికొకసారైనా ఖాళీ కన్నానికి పొగపెట్టి, ఎలక రాక, దగ్గుకుంటూ కూర్చుంటాడు. కుక్క ఉంటే ఆ అవస్థ ఉండదు. కుక్క లేకుండా ఎలకలు పట్టేవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే.

ఒకప్పుడు కుక్క ఉండేది. దాని పేరు రూతు.

పేరు పెట్టింది చిట్టియ్య భార్య జ్ఞానమ్మ. ఏదో పెద్ద కుక్క కరిచి సగం చెవి తెగిన కుక్కపిల్లని సంతలోంచి ఎత్తుకొచ్చి, పసుపు రాసి బతికించింది. కుక్కకి బైబిలు పేరేంటని పాస్టరు డేనియల్ గారు నొచ్చుకుంటే, "అత్తని వదలని రూతులాగే ఎక్కడికెళ్లినా ఎనకాలే వస్తందండి, వదలదు. ఇంకేం పేరెట్టమంటారు" అంది. ఆ భార్యాభర్తలకి పిల్లల్లేరు. జ్ఞానమ్మ కూలికి వెళ్లేది, శనివారాలు చర్చి ఊడ్చేది, మిగిలిన వేళంతా చిట్టియ్యతోనూ రూతుతోనూ కబుర్లు చెప్పేది. ఇద్దరిలో ఎవరితో ఎక్కువ మాట్లాడేదంటే చిట్టియ్య నవ్వి కుక్క వైపు చూపించేవాడు.

చిట్టియ్య తండ్రి పోతూ పోతూ కొడుక్కి ఒక ధర్మం చెప్పాడు. కండ మనిషికి, కాలేయం కుక్కకి. కన్నం చూపించింది అది, తవ్వింది నువ్వు, దాని వాటా ఎగ్గొట్టావంటే మర్నాడు ఖాళీ కన్నం చూపిస్తుంది. చిట్టియ్య ఆ ధర్మం ఏనాడూ తప్పలేదు. కోసిన ఎలక కాలేయంలో ఒక్కోసారి శనగగింజంత తెల్లటి బుగ్గ కనిపించేది. చిదిమితే లోపల చుట్ట చుట్టుకుని, లంగా నాడా ముక్కలాంటి పురుగు. తండ్రి దాన్ని ఎలక ముత్యం అనేవాడు. ముత్యం ఉన్నా లేకున్నా కాలేయం రూతుదే. గట్టు మీద కూర్చుని తోక ఆడిస్తూ తన వంతు కోసం చూసేది.

అలా ఉండగా జ్ఞానమ్మకి కుడి డొక్కలో బరువు మొదలైంది. నొప్పి కాదు, బరువే. ఆర్నెల్లు కషాయాలు తాగి, తగ్గక, పట్నం ఆసుపత్రికి వెళితే స్కానింగు తీశారు. కాలేయంలో బత్తాయికాయంత నీటితిత్తి ఉందన్నారు, ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నారు. ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పారు. చిట్టియ్యకి ఆ పేరు నోరు తిరగలేదు. వరండాలో మందుల ట్రే పట్టుకుని హడావుడిగా పోతున్న నర్సమ్మని ఆపి, అదేం జబ్బండి అని అడిగాడు. పక్కన ఎవరి బిడ్డో గుక్కపట్టి ఏడుస్తోంది. ఆవిడ నడుస్తూనే చెప్పింది. చిట్టియ్య చెవిన పడ్డ ముక్క ఇది: "లోపల పురుగండి. ఎలకపాముల్లాంటిదే. కుక్కల నుంచి వస్తుంది."

ఆపరేషన్‌కి పెట్టిన రోజుకి ముందు మంగళవారం, జ్ఞానమ్మ కాలవరేవులో బిందె ఎత్తబోయి జారి మెట్టు మీద పడింది. డొక్కే తగిలింది. లోపల తిత్తి పగిలింది. ఒళ్లంతా దద్దుర్లెక్కి, ఊపిరాడక, ఆటో ఏటిగట్టు దాటేలోపే ప్రాణం పోయింది. చిట్టియ్య ఒళ్లో తలపెట్టుకునే పోయింది. ఆటో వెనకాల రూతు గట్టు పొడుగునా పరిగెత్తుకుంటూ వచ్చింది.

సమాధి అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. ఒక్కడే కూర్చుని చిట్టియ్య ఆలోచించాడు. ఎలకపాము. ఎలకలో పాము. తను వందలసార్లు కళ్లతో చూసిన ముత్యంలోది అదే కదా. ఎలక కాలేయం కుక్క తింది. కుక్క ఒంటిని జ్ఞానమ్మ నిమిరింది. ఆ చేత్తోనే అన్నం తింది. ఎలకలోంచి కుక్కలోకి, కుక్కలోంచి మనిషిలోకి. ఈ దారంతా అతనికి ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. కొండను తవ్వి ఎలకను పట్టినట్టు, తన బుర్రే తవ్వుకుని తనే పట్టాడు. ఆ దారికి మొదట్లో ఎవరున్నారు? రోజూ కాలేయం కోసి విసిరిన చెయ్యి ఉంది. అది అతని కుడిచెయ్యి.

ఆ రోజు నుంచి చిట్టియ్య చర్చిలో చివరి బెంచీకి మారాడు. ప్రభు భోజనపు రొట్టె అందుకోవడానికి అందరూ లేచి ముందుకి వెళ్తుంటే అతను తల వంచుకుని కూర్చునేవాడు. పెళ్లాం పోయిన దుఃఖంలో తాగుడికి పడ్డాడేమో, అందుకే బల్ల దగ్గరికి రావడం లేదని డేనియల్ గారు అనుకున్నారు. పెద్దమనిషి, మంచివారే, కాని అడగలేదు. అడిగి ఉంటే చిట్టియ్య చెప్పేవాడేమో. నా ఆడమనిషిని నేనే చంపుకున్నానండి, ఈ చేత్తో రొట్టె ఎలా అందుకోమంటారు అని.

రూతు సంగతి ఇంకా కష్టమైంది. చంపడానికి చెయ్యి రాదు, ఉంచుకోవడానికి మనసు రాదు. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. అది మాత్రం జ్ఞానమ్మ పడుకునే మంచం కింద పడుకుని, చిట్టియ్య కదిలితే లేచి వెనకాల వచ్చేది. పది రోజులు చూశాడు. పదకొండో రోజున పల్లంరాజు పడవలో ఎక్కించుకుని నక్కలలంకకి తీసుకెళ్లి దింపేశాడు. ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే, ఇంట్లో మిగిలిన ఒక్క ప్రాణినీ తనే గెంటేసుకున్నాడు. పడవ కదలగానే రూతు నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వచ్చింది. చిట్టియ్య పడవ తోసే గెడ తీసుకుని నీళ్ల మీద కొట్టాడు. మూడుసార్లు కొట్టాడు. మూడోసారికి అది వెనక్కి తిరిగింది.

తరవాత అతను లంక ముఖం చూడలేదు. ఇంట్లో రైస్ కుక్కర్‌లో ఇంత బియ్యం పడేసి, పచ్చడి వేసుకుని తినడమే. జ్ఞానమ్మ వాడిన గ్యాసు పొయ్యి మీద ఆమె కప్పిన పాత తువ్వాలు అలాగే ఉంది. ఎలక పేగు ఒక్కటి కూడా ఏ కుక్క నోటా పడకూడదని గోతులు తవ్వడం అప్పుడే మొదలైంది. ఊరు నవ్వింది ఆ గోతుల్ని చూసే.

ఈ ఏడు సార్వా కోతలకి ముందు, జానకిరామ్ అనే రైతు తన చేలోకి ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు ఆశాజ్యోతి, యూనివర్సిటీలో జంతుశాస్త్రం మీద పరిశోధన చేస్తోందట. చేతిలో ఐస్ బాక్సు, భుజాన సంచి, సంచిలో గ్లవుసులూ కవర్లూ. ఎలకలు కావాలంది. ఎలకలంటే ఎలకలు కాదు, వాటి కాలేయాలు. ఎలకల డాక్టరొచ్చిందని టీకొట్టు దగ్గర ఒక పూట కబుర్లకి కరువు లేకపోయింది.

ఆమె మాత్రం ముందుగా అడిగింది గోతుల గురించే. "చిట్టియ్యగారూ, ఎలకలు పట్టేవాళ్లని చాలామందిని చూశానండి. అందరూ కుక్కలకీ కాకులకీ పారేస్తారు. మీరొక్కరే పాతిపెడుతున్నారు. మంచి పని. ఎవరు చెప్పారండి మీకు?"

"ఎవరూ చెప్పలేదండి. అలవాటు," అన్నాడు చిట్టియ్య. నాలుగేళ్లలో ఆ గోతిని చూసి నవ్వని మొదటి మనిషి ఆమె. ఆ సాయంత్రం ఆ మాటే మళ్లీ మళ్లీ తల్చుకున్నాడు.

నెలకి రెండుసార్లు వచ్చేది. గట్టు మీద ప్లాస్టిక్ షీటు పరిచి, అతను ఎలకని కోస్తే ఆమె కాలేయం చూసి, ముత్యం ఉంటే చిన్న సీసాలో వేసి చీటీ అంటించేది. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకునేది కాదు. ఈ పురుగుకి రెండిళ్లు కావాలండి అని చెప్పింది. ఒక ఇంట్లో, అంటే ఎలకలో, ఇలా బుగ్గలా ముడుచుకుని కూర్చుంటుంది. ఎన్నాళ్లున్నా ఇక్కడ పెద్దదవదు, పిల్లల్ని పెట్టదు. ఈ ఎలకని పిల్లో నక్కో కుక్కో తినాలి. అప్పుడు ఆ రెండో ఇంట్లో పొడుగ్గా బద్దెపురుగై, దాని గుడ్లు ఆ జంతువు మలంలో నేల మీద పడతాయి. ఆ గుడ్లు అంటిన గింజనో గడ్డినో ఎలక తింటే మళ్లీ మొదటికి. "ఎలక ముత్యాల్లో కూడా రకరకాలుంటాయండి. కొన్ని పిల్లిలో పెరుగుతాయి, కొన్ని నక్కలో, కుక్కలో. ఈ లంకలో ఏది ఎవరింట్లో కాపురముంటోందో తెలుసుకోవడమే నా పని."

చిట్టియ్య వింటూ కోస్తున్నాడు. తను ఒక్కడే కూర్చుని పట్టిన దారి నిజమేనని ఈ అమ్మాయి ముద్ర వేసి చెబుతోంది. అతని కత్తి ఒక క్షణం ఆగి మళ్లీ కదిలింది. జ్ఞానమ్మని చంపింది ఇదేనా అని అడుగుదామని మూడుసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. అవునని చెబితే ఇంక చేసేదేముంది?

నక్కల మలం కావాలి, లంకకి తీసుకెళ్లండని ఆమె అడిగినప్పుడు మాత్రం అడ్డంగా తల ఊపాడు. "లంకకి నేను రానండి. పల్లంరాజు పడవుంది, మీరు ఎల్లిరండి."

ఆమె పల్లంరాజుతో వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, అయిదు కవర్లు గట్టు మీద వరసగా పరిచింది. ఇవన్నీ నక్కవేనా చూసి చెప్పమంది. చిట్టియ్య పుల్లతో కదిపి చూశాడు. నక్కదయితే బొచ్చుంటుంది, పీతడిప్పల పెళుసులుంటాయి, రేగుగింజలుంటాయి, కొస మెలితిరిగి ఉంటుంది. నాలుగు అలాగే ఉన్నాయి. అయిదోది చూసి పుల్ల పక్కన పెట్టేశాడు.

"ఇది నక్కది కాదండి. కుక్కది."

"అవునా? అయితే పల్లంరాజుగారు చెప్పింది నిజమేనన్నమాట. లంకలో కుక్క ఒకటుందట. ముసలిదైందట గాని ఇంకా ఎలకల్ని తవ్వుకుని తింటోందట. ఒక చెవి సగం తెగి ఉంటుందన్నారు."

చిట్టియ్య గట్టు మీద కూలబడ్డాడు. ఆశాజ్యోతి మంచినీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. తాగలేదు. సీసా పక్కన పెట్టాడు. "ఒక మాట అడుగుతానండి. ఎలకపాము మనిషిని చంపుతుందా అండి?"

"ఎలకపామా? జెర్రిపోతా అండి?"

"పాము కాదండి. ఈ ముత్యం. మా ఆడమనిషి దీంతోనే పోయిందండి. నేనే పెట్టేనండి కుక్కకి. రోజూ పెట్టేను."

అని మొదట్నుంచీ చెప్పాడు. కాలేయాలు విసరడం, డొక్కలో బరువు, రేవుమెట్టు, పడవ, గెడ. నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఊరూ పేరూ కొత్తయిన పిల్లకి చెప్పేశాడు. ఇంటికి వెళ్లి బైబిలు అట్టలో దాచిన స్కానింగు కాగితం కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"నర్సుగారు ఏమన్నారో మళ్లీ చెప్పండి. ఆవిడ అన్నట్టే చెప్పండి."

"ఎలకపాముల్లాంటిదే అన్నారండి."

ఆశాజ్యోతి కవరొకటి తీసుకుని దాని వెనక పెన్నుతో రెండు మాటలు ఒకదాని కింద ఒకటి రాసింది. ఎలకపాము. ఏలికపాము. "చిట్టియ్యగారూ, ఆవిడ అన్నది ఈ కింది మాటండి. పిల్లల కడుపులో పాములు పడతాయి కదా, వానపాముల్లా ఉంటాయి, వాటిని ఏలికపాములంటారు. కడుపులో పురుగులాంటిదని మీకు అర్థమయ్యేలా చెబుదామనుకున్నారు. ఎలకకీ ఆ మాటకీ సంబంధం లేదు. మీ ఆవిడకి వచ్చింది ఎలక ముత్యం కాదు. ఎలకలో ఉండేది మనిషి జోలికి దాదాపు రాదండి."

చిట్టియ్య ఇంట్లో వాటిని ఎప్పుడూ కడుపులో పాములనే అన్నారు. ఏలిక అన్న మాట అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అందుకే చెవి తనకి తెలిసిన మాటనే పట్టుకుంది. పొద్దస్తమానం ఎలకల్లో బతికేవాడి చెవికి ఇంకేం వినపడుతుంది? కవరు అందుకుని వేలితో రెండు మాటల్నీ తడిమాడు. బైబిలు చదవడం వరకూ వచ్చు అతనికి. ఒక దీర్ఘం, ఒక గుడి. అంతే తేడా. నాలుగేళ్లు ఆ దీర్ఘం లేకుండానే బతికాడు.

ఏడుస్తాడేమోనని ఆమె తల తిప్పుకుంది. ఏడవలేదు. "అయితే ఎక్కణ్ణుంచి వచ్చిందండి మరి?" అన్నాడు.

ఆమె చెప్పింది. అదీ రెండిళ్ల పురుగే, కాని ఇళ్లు వేరు. గొర్రెల్లో, మేకల్లో, ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో నీటిబుగ్గలుంటాయి. వాటిని పచ్చిగా కుక్క తింటే, కుక్క పేగుల్లో నూకగింజంత పురుగులవుతాయి. గుడ్లు దాని మలంలో పోతాయి, బొచ్చుకి అంటుకుంటాయి. చేతి నుంచి నోటికి వెళితే మనిషిలో ఏళ్ల తరబడి తిత్తి పెరుగుతుంది.

నీటిబుగ్గలన్న మాట దగ్గరే చిట్టియ్య ఆగిపోయాడు. మిగతాది విన్నాడో లేదో.

కోతల పండగకి చర్చి దగ్గర మేకపోతుల్నీ పొట్టేళ్లనీ వేటలుగా కొడతారు. సంఘమంతా అక్కడే భోజనం. రూతు మొదటిసారి ఈనిన ఏడు, జ్ఞానమ్మ పెద్ద బేసిన్ పట్టుకెళ్లి, బుగ్గలున్నాయని వేటలు కోసేవాళ్లు పక్కన పడేసిన ఊపిరితిత్తులూ కాలేయాలూ అన్నీ ఏరుకొచ్చింది. పారబోస్తే పాపం, బాలింతకి బలమన్నా పడుతుందంది. అయిదు పిల్లలకి పాలిస్తూ ఎముకలు తేలిన రూతుకి పక్కన కూర్చుని, బుజ్జగిస్తూ, చేత్తో తినిపించింది. తరవాత ఏటేటా తెచ్చింది. పండగంటే రూతుకి కూడా పండగే అనేది.

చిట్టియ్య ఇదంతా పైకి చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆశాజ్యోతి వెంటనే ఏమీ అనలేదు. తరవాత మెల్లగా, "ఏ ఏడు వచ్చిందో, ఏ కుక్క నుంచి వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరండి. ఊళ్లో కుక్కలన్నీ తింటాయి కదా. మీ రూతు నుంచే అని నేను చెప్పలేను," అంది. నిజమే చెప్పింది. కాని ముందు మాట్లాడకుండా ఆగిందే, అందులోనే చిట్టియ్యకి జవాబు దొరికింది.

"ఉడకబెడితే చచ్చిపోద్దా అండి ఆ పురుగు?"

"బాగా ఉడికితే చచ్చిపోతుందండి. లోపల ఎరుపు లేకుండా ఉడకాలి. ఎలకదైనా, మేకదైనా. ఎప్పుడైనా కుక్కకి పెడితే అలాగే పెట్టండి."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, దీపం వేసి, మంచం మీద కూర్చుని చిట్టియ్య ఎదురుచూశాడు. మోస్తున్న బరువు దిగితే తేలిగ్గా ఉంటుందంటారు. తేలిగ్గా లేదు. ఇన్నాళ్లూ ఆ నేరం అతనికి తోడుంది. రోజూ పొద్దుపోయాక జ్ఞానమ్మకి సంజాయిషీ చెప్పుకునేవాడు. తెలీక పెట్టేనే, నాకు తెలీదే అని. ఆమె వింటున్నట్టే ఉండేది. ఇవాళ చెప్పుకోవడానికి ఏమీ లేదు. తప్పు అతనిది కాదు, కుక్కది కాదు. ఆమెదని ఎలా అంటాడు, బాలింత ఆకలి చూడలేకపోయిందే, దానికి తప్పని పేరు పెడతాడా? "నువ్వే పెట్టుకున్నావే పిచ్చిదానా," అన్నాడు ఒకసారి పైకే. ఇంట్లో ఎవరూ లేరు. నాలుగేళ్ల తరవాత ఆ సంగతి అతనికి ఇవాళే తెలిసినట్టయింది. అప్పుడు ఏడ్చాడు.

ఏడుపు ఆగాక ఒక్క తప్పు మాత్రం మిగిలిపోయింది. మూడుసార్లు నీళ్ల మీద కొట్టిన గెడ. దానికి దీర్ఘం లేదు, గుడి లేదు, ఎవరూ తప్పుగా వినలేదు.

శనివారం పొద్దున్నే బుట్టలు తీసి, పడ్డ ఎలకల్ని కోసి, ఈసారి కాలేయాలు గోతిలో వెయ్యలేదు. కడిగి ఇంటికి తెచ్చాడు. పొయ్యి మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు. గ్యాసు ఇంకా ఉంది. గిన్నెలో నీళ్లు పోసి, బియ్యం వేసి, కాలేయాలు వేసి పొయ్యి పక్కనే నిలబడ్డాడు. ఉడికిందనిపించాక ఒకటి తీసి కత్తితో కోసి చూశాడు. కొంచెం ఎర్రగా ఉంది. మళ్లీ వేశాడు. మూడోసారి కోస్తే లోపలంతా బూడిదరంగు వచ్చింది. చల్లారాక స్టీలు క్యారేజీలో సర్దుకుని రేవుకి నడిచాడు.

పల్లంరాజు అతన్నీ క్యారేజీనీ మార్చి మార్చి చూశాడు. "ఏంటి బాబాయ్, లంకలో పిక్నిక్కేంటి?" అని, చిట్టియ్య ముఖం చూసి గెడ వేశాడు.

లంక మీద రెల్లు తెల్లగా పూసి ఉంది. ఇసకలో నక్క అడుగులూ కుక్క అడుగులూ కలిసే ఉన్నాయి. చిట్టియ్య దింపేసిన చోటునే నిలబడి పిలిచాడు. రూతూ అని. ఇంకొంచెం గట్టిగా మళ్లీ పిలిచాడు. రెల్లు కదిలింది. ముందు సగం తెగిన చెవి కనిపించింది, తరవాత మూతి. మూతంతా నెరిసిపోయింది. ఇరవై అడుగుల దూరంలో ఆగి, కూర్చుని, అతని వంక చూసింది. తోక కదల్లేదు.

అతను అరిటాకు పరిచి, క్యారేజీ విప్పి, అన్నం వంపాడు. వెనక్కి నాలుగడుగులు వేశాడు. రూతు రాలేదు. అన్నం వంక చూడనైనా లేదు, అతన్నే చూస్తోంది. చిట్టియ్య అక్కడే ఇసకలో కూర్చున్నాడు.

"పచ్చిది కాదే," అన్నాడు. "ఉడకబెట్టేను."

అది చోటు కదల్లేదు. తను ఉన్నంతసేపూ అది ముట్టదని అర్థమై, చిట్టియ్య లేచి పడవెక్కాడు. పల్లంరాజు గెడ వేసి పడవని కొంచెం దూరం తోశాక, రూతు లేచి ఆకు దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. తింది. ఆకు నాకి, నీళ్ల అంచుదాకా వచ్చి నిలబడింది. ఆ రోజు ఇక్కణ్ణుంచే దూకి పడవ వెనకాల ఈదింది. ఇవాళ నీళ్లలో కాలు పెట్టలేదు.

చిట్టియ్య దాని వంకే చూస్తూ, "రేపు ఆరాధన అయ్యాక మళ్లీ రావాలి. పడవ ఉంచుతావా?" అని అడిగాడు.

"ఉంచుతాను గానీ బాబాయ్, అది నీతో రాదు. చూస్తే తెలీట్లేదా?"

"అది రాకపోతే ఏం," అన్నాడు చిట్టియ్య. "నేనొస్తాను."